ఆయన లేచిన కుర్చీలో ఎవరు కూర్చుంటారు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద ఉన్నాయి: అమెరికాలో ఒక పార్టీ సెనేటర్ (అక్కడి ఎగువసభ సభ్యుడు) అవతలి పార్టీ అధ్యక్షుడి దగ్గర మంత్రి పదవి తీసుకుంటారన్న ఊహాగానాలు, దాని పక్కనే మన ఫిరాయింపులు. గుంటూరులో ముప్పై ఏళ్ల పైచిలుకు రాజనీతి శాస్త్రం పాఠం చెప్పినదాన్ని, నాకు ఇంతకంటే ఇష్టమైన విషయం లేదు. మిగతా ప్రశ్నలు పంపినవాళ్లు ఒక్క వారం ఓపిక పట్టండి.

*

అమ్మా, మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. పౌరసత్వం వచ్చింది, ఓటు కూడా వేస్తున్నాడు. ఆదివారం వీడియో కాల్‌లో వాడూ మా అల్లుడూ ఇదే వాదన. ఫలానా సెనేటర్ సొంత పార్టీని కాదని అవతలివాళ్ల దగ్గర మంత్రి అవుతాడని ఒకరు, అవ్వడని ఒకరు. ప్రతి ఎన్నిక తర్వాతా ఇదే వింటున్నాను. అక్కడ కూడా మన దగ్గరలాగే గోడలు దూకుతారా?
— ఒక తల్లి, పటమట, విజయవాడ

ఆ మాట నిజంగానే ప్రతిసారీ పుడుతుందమ్మా. 2016 డిసెంబరు సంగతే చూడండి. రిపబ్లికన్ పార్టీ ట్రంప్ గెలిచారు, ఇంకా ప్రమాణస్వీకారం కాలేదు. నార్త్ డకోటా సెనేటర్ హైడీ హైట్‌క్యాంప్, వెస్ట్ వర్జీనియా సెనేటర్ జో మాంచిన్ ఇద్దరూ డెమొక్రాట్లు. ఇద్దరూ కొద్ది రోజుల తేడాతో న్యూయార్క్‌లో ట్రంప్ టవర్‌కు వెళ్లి ఆయన్ను కలిశారు. అంతే, ఆవిడకు వ్యవసాయ శాఖ, ఈయనకు ఇంధన శాఖ అని వార్తలు మొదలయ్యాయి. చివరికి వ్యవసాయం జార్జియా మాజీ గవర్నర్ సోనీ పెర్‌డ్యూకు, ఇంధనం టెక్సస్ మాజీ గవర్నర్ రిక్ పెర్రీకి వెళ్లాయి. సెనేటర్లిద్దరూ ఎక్కడివాళ్లు అక్కడే ఉండిపోయారు.

ఎందుకు ఉండిపోయారో అర్థం కావాలంటే ఒక తేడా తెలియాలి. మన దగ్గర మంత్రి కావాలంటే సభలో సభ్యత్వం ఉండాలి, లేకపోతే ఆరు నెలల్లో తెచ్చుకోవాలి. అక్కడ సరిగ్గా తలకిందులు. ప్రభుత్వ పదవిలో ఉన్న మనిషి కాంగ్రెస్‌లో, అంటే వాళ్ల పార్లమెంటులో, ఏ సభలోనూ సభ్యుడిగా ఉండకూడదని వాళ్ల రాజ్యాంగం మొదటి అధికరణంలోనే రాసుకున్నారు. కాబట్టి మంత్రి పదవి తీసుకోవాలంటే సెనేట్ సీటు వదలాలి. సెనేట్ సీటు ఆరేళ్లది, జనం ఇచ్చింది, అధ్యక్షుడు కూడా లాక్కోలేడు. మంత్రి పదవి అధ్యక్షుడు ఎప్పుడు వద్దంటే అప్పుడు పోయేది. అవతలి పార్టీ నుంచి వచ్చిన మంత్రికి ఆ ఇంట్లో ‘మనవాడు’ అనేవాళ్లు ఉండరు, సొంత ఇంట్లో మళ్లీ ఆదరణ ఉంటుందన్న నమ్మకమూ ఉండదు.

కాబట్టి మీ అబ్బాయినీ అల్లుణ్ణీ ‘దూకుతాడా లేదా’ అన్నది పక్కన పెట్టి, ఆయన లేచిన కుర్చీలో ఎవరు కూర్చుంటారో చెప్పమనండి. 1913లో వచ్చిన 17వ సవరణ ప్రకారం ఖాళీ అయిన సెనేట్ సీటును ఎన్నిక జరిగేదాకా తాత్కాలికంగా నింపే అధికారాన్ని ఏ రాష్ట్రమైనా తన గవర్నర్‌కు ఇవ్వొచ్చు. చాలా రాష్ట్రాలు ఇచ్చాయి. గవర్నర్ అంటే మన గవర్నర్ కాదు, మన ముఖ్యమంత్రిలా జనం ఎన్నుకున్న మనిషి. ఆయన అవతలి పార్టీవాడైతే సెనేటర్‌తో పాటు సీటు కూడా అవతలికి పోతుంది. 2016 ఎన్నికల తర్వాత సెనేట్‌లో రిపబ్లికన్లు 52, డెమొక్రాట్ల వైపు 48. ఒక్క సీటు అటూ ఇటూ అయినా లెక్కలు మారే రోజులవి. అవతలి పార్టీ సెనేటర్‌కు పదవి ఇస్తే అధ్యక్షుడికి పెద్ద మనసన్న పేరు వస్తుంది, అదృష్టం ఉంటే ఒక సీటు కూడా కలిసొస్తుంది. సెనేటర్‌కు కూడా ఆ పుకారు వల్ల నష్టం లేదు. వెస్ట్ వర్జీనియాలో ఆ ఎన్నికల్లో దాదాపు 68 శాతం ఓట్లు ట్రంప్‌కే పడ్డాయి. అలాంటి రాష్ట్రంలో 2018లో మళ్లీ ఓటు అడగాల్సిన డెమొక్రాట్‌కు, ట్రంప్ తనను పిలిచి మాట్లాడారన్న కబురు పనికొస్తుంది. మాంచిన్ 2018లో గెలిచారు, హైట్‌క్యాంప్ ఓడిపోయారు.

కుర్చీ ఎవరికి పోతుందన్నది అన్ని రాష్ట్రాల్లో ఒకేలా ఉండదు. వ్యోమింగ్, హవాయి లాంటి చోట్ల ఖాళీ చేసినవారి పార్టీ మనిషినే గవర్నర్ నియమించాలి. మాసచూసెట్స్ సంగతి చూస్తే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. 2004లో అక్కడి సెనేటర్ జాన్ కెర్రీ అధ్యక్ష పదవికి పోటీ చేశారు. గవర్నర్ మిట్ రోమ్నీ రిపబ్లికన్. కెర్రీ గెలిస్తే ఆ సీటు రోమ్నీ చేతికి పోతుందని డెమొక్రాట్లు మెజారిటీ ఉన్న శాసనసభ గవర్నర్‌కు ఆ అధికారమే లేకుండా చట్టం మార్చింది. 2009లో ఎడ్వర్డ్ కెన్నెడీ చనిపోయారు, అప్పటికి గవర్నర్ డెమొక్రాట్. అదే శాసనసభ తాత్కాలిక నియామక అధికారాన్ని తిరిగి తెచ్చింది. మనిషిని చూసి చట్టం మార్చడం ఏ దేశంలో జరిగినా తప్పే, ఏ పార్టీ చేసినా తప్పే.

*

గ్రూప్-2కు చదువుతున్నాను మేడమ్. సెనేటర్, రాజ్యసభ సభ్యుడు ఒకటేనా? క్లుప్తంగా చెప్పండి.
— అభ్యర్థి, అరండల్‌పేట, గుంటూరు

ఇద్దరిదీ ఆరేళ్ల పదవే, ఇద్దరూ రాష్ట్రాల తరఫునే. సెనేటర్‌ను జనం నేరుగా ఎన్నుకుంటారు, రాజ్యసభకు ఎమ్మెల్యేలు ఓటేస్తారు. ఇందాక చెప్పిన 17వ సవరణకు ముందు సెనేటర్లను కూడా రాష్ట్ర శాసనసభలే ఎన్నుకునేవి. అక్కడ చిన్నదైనా పెద్దదైనా రాష్ట్రానికి ఇద్దరే, మొత్తం 100 మంది. మన దగ్గర జనాభాను బట్టి: ఆంధ్రప్రదేశ్‌కు 11, తెలంగాణకు 7, ఉత్తరప్రదేశ్‌కు 31.

*

పదవి చేతికొచ్చాక వద్దనుకున్న సెనేటర్ ఒక్కడైనా ఉన్నాడా? ఉంటే చెప్పండి, మా వాకింగ్ బ్యాచ్‌లో పందెం నడుస్తోంది.
— రిటైర్డ్ ఉద్యోగి, సత్యనారాయణపురం, విజయవాడ

ఉన్నారు. పేరు జడ్ గ్రెగ్, న్యూహాంప్‌షైర్, రిపబ్లికన్. 2009 ఫిబ్రవరి 3న డెమొక్రాట్ అధ్యక్షుడు ఒబామా ఆయన్ను వాణిజ్య మంత్రిగా ప్రకటించారు. అప్పుడు డెమొక్రాట్లకు సెనేట్‌లో మద్దతిచ్చే స్వతంత్రులతో కలిపి 58 మంది ఉన్నారు, మిన్నెసోటా సీటు ఫలితం కోర్టులో ఉంది. 60 మంది ఉంటే అక్కడ ప్రతిపక్షం సాగదీసే చర్చను ఆపి బిల్లును ఓటింగుకు తేవచ్చు. మిన్నెసోటా వచ్చి, గ్రెగ్ సీటు కూడా వస్తే సరిగ్గా 60. న్యూహాంప్‌షైర్ గవర్నర్ జాన్ లించ్ డెమొక్రాట్. అందరి కళ్లూ ఆ కుర్చీ మీదే పడ్డాయి.

గ్రెగ్ అక్కడ గట్టిగా నిలబడ్డారు. తన వల్ల సెనేట్‌లో బలాబలాలు మారేటట్టయితే పదవి తనకు వద్దన్నారు. లించ్ ఒప్పుకుని, గ్రెగ్ దగ్గర ఒకప్పుడు చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా చేసిన బానీ న్యూమన్ అనే రిపబ్లికన్‌నే నియమిస్తానన్నారు. నేను ఈ ఘట్టం క్లాసులో చెప్పినప్పుడు పిల్లలు నమ్మేవాళ్లు కాదు. అవతలి పార్టీ గవర్నర్ ఎందుకు ఒప్పుకున్నాడు మేడమ్ అని అడిగేవాళ్లు. ఆ సీటు రిపబ్లికన్ అభ్యర్థిగా ఓటు అడిగి గెలిచింది కదా, అందుకని నా జవాబు.

అంతా కుదిరాక ఫిబ్రవరి 12న, అంటే తొమ్మిది రోజులకే, ఆయన తప్పుకున్నారు. కారణాలు రెండు చెప్పారు. ఒకటి, అప్పుడు సభ ముందున్న 78,700 కోట్ల డాలర్ల ఆర్థిక ప్యాకేజీ. రెండోది జనాభా లెక్కలు. 2010 సెన్సస్ వాణిజ్య శాఖ కిందే జరగాలి, ఆ లెక్కల మీదే ప్రతినిధుల సభలో ఏ రాష్ట్రానికి ఎన్ని సీట్లో తేలుతుంది. ఆ పని మీద వైట్‌హౌస్ పట్టు ఉంటుందన్న సూచనలు ఆయనకు సరిపడలేదు. ముందే ఆలోచించుకోవాల్సింది అన్నవాళ్లు ఉన్నారు, అదీ నిజమే. కానీ రోజూ మనసు చంపుకుని చేయాల్సిన ఉద్యోగం నావల్ల కాదని బయటికి చెప్పడానికి ధైర్యం కావాలి. నాకు ఆయన మీద గౌరవం ఉంది. పందెం మీరు ఎటువైపు కాశారో రాయలేదు!

*

పోయిన నెల మీరు ‘పార్టీ మారినవాడికి పదవి ఇవ్వకూడదు’ అని రాశారు. ఒప్పుకోను. సమర్థుడైన మనిషి ఏ పార్టీలో ఉంటేనేం? దేశానికి అవసరమైతే పిలవకూడదా?
— హైస్కూల్ ఉపాధ్యాయుడు, తెనాలి

పిలవాలి మాస్టారూ. నేను రాసిన వాక్యం కురచగా ఉంది, తప్పు నాదే. పార్టీ మారి పదవి తీసుకోవడం వేరు, పార్టీ మారకుండా అవతలివాళ్లు పిలిస్తే వెళ్లి పనిచేయడం వేరు. రెండోదానికి మన దగ్గరే గొప్ప ఉదాహరణ ఉంది. 1947 నెహ్రూ మంత్రివర్గంలో అంబేడ్కర్ కాంగ్రెస్ కాదు. హిందూ మహాసభ నుంచి వచ్చిన శ్యామాప్రసాద్ ముఖర్జీ కాంగ్రెస్ కాదు. మొదటి బడ్జెట్ పెట్టిన షణ్ముఖం చెట్టి కూడా కాదు. వాళ్లను ఎవరూ ఫిరాయింపుదార్లు అనలేదు. అంబేడ్కర్, ముఖర్జీ ఇద్దరూ అభిప్రాయభేదం వచ్చినప్పుడు రాజీనామా చేసి బయటికి నడిచారు కూడా.

అమెరికాలో 1940లో యుద్ధం ముంచుకొస్తుంటే డెమొక్రాట్ అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఇద్దరు రిపబ్లికన్లను పిలిచి సైన్యాన్ని హెన్రీ స్టిమ్సన్‌కు, నౌకాదళాన్ని ఫ్రాంక్ నాక్స్‌కు అప్పగించారు. 1997లో మరో డెమొక్రాట్ అధ్యక్షుడు క్లింటన్ రక్షణ శాఖను మెయిన్ రాష్ట్రపు రిపబ్లికన్ విలియం కోహెన్‌కు ఇచ్చారు. 2013లో ఒబామా నెబ్రాస్కా రిపబ్లికన్ చక్ హేగల్‌కు ఇచ్చారు. వీళ్లెవరూ పార్టీ మారలేదు. పైగా కోహెన్ 1996లో మళ్లీ పోటీ చేయకుండా సెనేట్ నుంచి తప్పుకున్నారు, హేగల్ 2009లోనే దిగిపోయారు. అంటే జనం ఇచ్చిన కుర్చీలో కూర్చుని బేరం ఆడినవాళ్లు కారు. చేతులు ఖాళీగా ఉన్నప్పుడు పిలుపు వచ్చింది, వెళ్లారు. మీరు చెప్పే సమర్థులు వీళ్లే అయితే మీకూ నాకూ తగాదా లేదు.

*

అమెరికాలో ఫిరాయింపుల చట్టమే లేదా?
— మంగళగిరి పాఠకుడు

లేదు. 2001లో సెనేట్ 50–50గా ఉంది, ఉపాధ్యక్షుడి ఓటుతో రిపబ్లికన్లది పైచేయి. మే నెలలో వెర్మాంట్ సెనేటర్ జిమ్ జెఫర్డ్స్ ఒక్కరు ఆ పార్టీని వదిలి స్వతంత్రుడిగా డెమొక్రాట్ల పక్కన చేరితే సభ మొత్తం చేతులు మారింది. సీటు పోలేదు. అక్కడ శిక్ష వేసేది ఓటరే. పెన్సిల్వేనియా సెనేటర్ ఆర్లెన్ స్పెక్టర్ 2009 ఏప్రిల్‌లో డెమొక్రాట్ అయ్యారు, ఏడాది తిరిగేసరికి ఆ పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఎన్నికలోనే ఓడిపోయారు.

*

ఎవరు ఏ పార్టీలో ఉంటే మనకేమిటండీ? గెలిచినవాడు ఎటున్నా మన రోడ్డు వేస్తే చాలు కదా. ఈ విషయం మీద మీకెందుకు ఇంత బాధ?
— గృహిణి, లక్ష్మీపురం, గుంటూరు

చెబుతానమ్మా, నా బాధ పుస్తకాల్లోంచి వచ్చింది కాదు.

సర్వీసులో ఉండగా ఎన్నికల డ్యూటీ చాలాసార్లు చేశాను. ఒకసారి పల్నాడు వైపు ఒక ఊళ్లో ప్రిసైడింగ్ ఆఫీసర్‌గా వేశారు. ఊరి పేరు రాయను. ఏప్రిల్ ఎండలు. ముందురోజే యంత్రాలూ కాగితాలూ తీసుకుని బస్సులో చేరి, రాత్రి బడి వరండాలో పడుకున్నాం. తెల్లవారుజామున ఏజెంట్ల ముందు మాక్ పోల్ చేసి, సిరా బుడ్డి ఒరిగిపోకుండా చిన్న డబ్బాలో ఇసుక పోసి అందులో నిలబెట్టాం. అలాగే పెట్టాలని ట్రైనింగ్‌లో చెబుతారు.

పది దాటాక ఒక పెద్దావిడ వచ్చింది. మిరపకోతల్లోంచి లేచి వచ్చింది. ఘాటు తగలకుండా వేళ్లకు ఆముదం పట్టించుకుంది, ఆ జిడ్డు మీద సిరా నిలవడం లేదు. సిరా వేసే కుర్రాడు రెండుసార్లు గీసినా జారిపోయింది. నేనే లేచి గుడ్డతో ఆవిడ ఎడమచేతి చూపుడువేలు గట్టిగా తుడిచాను. గోరు చుట్టూ చర్మం పగిలి ఎర్రగా ఉంది. “సగం రోజు కూలి పోగొట్టుకుని వచ్చానమ్మా, గీత గట్టిగా పెట్టించు” అంది. పెట్టించాను. లోపలికి వెళ్లి, గుర్తులు ఒక్కొక్కటీ తడుముతూ చూసుకుని, బీప్ వినబడ్డాక గానీ అట్ట చాటునుంచి రాలేదు. ఆ సాయంత్రం దాకా నా వేళ్లు మిరపకారంతో మండుతూనే ఉన్నాయి.

ఆ నియోజకవర్గంలో గెలిచిన మనిషి తర్వాత అవతలి పార్టీ కండువా కప్పుకున్నాడు. పేపర్లో ఫొటో చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ వేలు. ఆవిడ ఎవరికి వేసిందో నాకు తెలియదు, తెలుసుకునే హక్కూ లేదు. కానీ ఒక గుర్తు చూసుకుని వేసింది. ఆ గుర్తు మార్చుకుంటున్నానని ఆవిడకు ఎవరూ చెప్పలేదు, ఆవిడను ఎవరూ అడగలేదు.

ఇది ఒక పార్టీ గొడవ కాదు. 2014లో గెలిచిన వైఎస్సార్ కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో 23 మంది తెలుగుదేశం వైపు వెళ్లారు, 2017 ఏప్రిల్‌లో వాళ్లలో నలుగురు మంత్రులయ్యారు. 2019 తర్వాత గాలి వైఎస్సార్ కాంగ్రెస్ వైపు తిరిగింది. చివరికి 2024 ఫిబ్రవరిలో స్పీకర్ ఎనిమిది మందిపై అనర్హత వేటు వేశారు, రెండు పార్టీల నుంచీ నలుగురేసి. అప్పటికి అసెంబ్లీ గడువే అయిపోవచ్చింది. 1985లో రాజ్యాంగంలోకి ఫిరాయింపులను అరికట్టే పదో షెడ్యూల్ వచ్చింది, 2003లో 91వ సవరణ దాన్ని గట్టిపరిచి, అనర్హుడైనవాడు మళ్లీ గెలిచేదాకా మంత్రి కాకూడదంది. కానీ అనర్హుడని ముందు స్పీకర్ తేల్చాలి కదా! తేల్చకుండా ఫైలు కూర్చోబెడితే చట్టం కూడా కూర్చుంటుంది. మణిపూర్‌లో 2017లో కాంగ్రెస్ టికెట్ మీద గెలిచి బీజేపీ ప్రభుత్వంలో మంత్రి అయిన ఒకాయన్ను 2020 మార్చిలో సుప్రీంకోర్టే స్వయంగా తప్పించాల్సి వచ్చింది.

నాకు నచ్చిన దారి ఇంకొకటి ఉంది. టెక్సస్‌లో ఫిల్ గ్రామ్ అనే డెమొక్రాట్ ప్రతినిధి పార్టీ మారాలనుకుని 1983 జనవరిలో ముందు సీటుకు రాజీనామా చేశారు. ఫిబ్రవరిలో ఉపఎన్నికలో రిపబ్లికన్‌గా నిలబడి అదే జనాన్ని ఓటు అడిగి గెలిచారు. అడగాల్సిన బలవంతం చట్టంలో లేదు, అయినా అడిగారు. మన దగ్గర 2024లో వైఎస్సార్ కాంగ్రెస్ రాజ్యసభ సభ్యులు ముగ్గురు రాజీనామా చేశారు, వాళ్లలో బీద మస్తాన్‌రావు తెలుగుదేశం తరఫున, ఆర్.కృష్ణయ్య బీజేపీ తరఫున డిసెంబరులో మళ్లీ ఎన్నికయ్యారు. సీటు వదిలి వెళ్లడం మంచి పద్ధతే, కాదనను. అయితే అక్కడ ఓటర్లు ఎమ్మెల్యేలు, బలం ఎటుందో అందరికీ తెలుసు, ఎన్నిక ఏకగ్రీవమైంది. ఆముదం రాసుకున్న వేలి దగ్గరికి వెళ్లి అడగడం అంత తేలిక కాదు.

రోడ్డు సంగతి అడిగారు. రోడ్డు వేయడం గెలిచినవాడి పని, ఏ పార్టీలో ఉన్నా వేయాల్సిందే. పార్టీ మారితేనే రోడ్డు వస్తుందని ఎవరైనా అంటే, ఆ మాట ఒప్పుకోకండి అమ్మా.

*

మా ఎమ్మెల్యే పార్టీ మారితే స్పీకర్‌కు ఫిర్యాదు చేయాల్సింది ఇంకో ఎమ్మెల్యేనేనా? మామూలు ఓటరు చేయకూడదా?
— రైతు, పొన్నూరు

చేయొచ్చు. సభ్యులే చేయాలని సభల నియమాల్లో ఉండేది. ఒడిశా కేసులో 2013లో సుప్రీంకోర్టు ఆసక్తి ఉన్న ఎవరైనా పిటిషన్ ఇవ్వొచ్చని చెప్పింది. రాజీనామా లేఖ ఇవ్వలేదు కాబట్టి పార్టీ మారలేదని ఎమ్మెల్యే అనొచ్చు. దానికి కూడా 1994లోనే, గోవాకు చెందిన రవి నాయక్ కేసులో, కోర్టు జవాబిచ్చింది: లేఖ అక్కర్లేదు, నడవడికను బట్టి పార్టీ వదిలేశాడని తేల్చొచ్చు.

కాబట్టి ఆధారం ముఖ్యం. పిటిషన్ రాతపూర్వకంగా, మీ సంతకంతో, ధ్రువీకరణతో ఉండాలి. ఒక లాయర్‌కు చూపించి ఇవ్వండి. ఇచ్చిన తేదీకి రసీదు తీసుకోండి, తర్వాత కోర్టుకు వెళ్లాల్సి వస్తే ఆ తేదీ నుంచే లెక్క. కండువా కప్పుకున్న ఫొటో, వేదిక మీద మాట్లాడిన మాటల వార్త దాచి పెట్టండి. పేపరు కత్తిరించేటప్పుడు ఫొటో ఒక్కటే కత్తిరించకండి, పైన తేదీ, ఎడిషన్ పేరు కనబడేలా పేజీ మొత్తం ఉంచండి.